నోట్ల రద్దు నాటి వరుసలు

పెద్ద నోట్ల రద్దును, అంటే 2016 నవంబరు 8 రాత్రి 500, 1000 రూపాయల నోట్లు ఇక చెల్లవని ప్రభుత్వం ప్రకటించిన నిర్ణయాన్ని, ఆర్థిక గ్రంథాలు అంకెలలో వివరిస్తాయి గానీ, హైదరాబాదు వీధులలో అది ముందుగా మనుషుల కలయికగానే కనిపించింది.

10న బ్యాంకులు తెరుచుకున్నాక, మనిషికి 4000 రూపాయల మార్పిడి పరిమితి ముందు ఫ్లాటు యజమానులూ, అదే భవనపు వాచ్‌మన్లూ ఒకే వరుసలో నిలబడ్డారు. గుర్తింపు కార్డు జిరాక్సు చేతపట్టుకొని, “నా చోటు కాస్త చూస్తుండండి” అని టీకి వెళ్లినవారు ఒకరి పేరొకరు ఎరగనివారే.

(చిల్లర లేక టీ బండ్లు ఇచ్చిన అరువు ఏ లెక్కకూ ఎక్కలేదు.)

ఆ వరుసల కలయికను ఐక్యత అనడం అతిశయోక్తి. అది ఎండా, విసుగూ కలిపిన పరిచయం.

అటువంటి పరిచయం ఎవరికైనా నేటికీ నిలిచి ఉంటే, ఇక్కడ రాయగలరు.