కొండ కలిపిన నలుగురు

పెరూ దేశపు ఆండీస్ పర్వతాలలో కాలినడక ప్రయాణం. వెంట వచ్చినవారు నిన్నటి వరకు ముక్కూ మొగమూ ఎరుగనివారు. అటువంటి తోడు ఎంతవరకు నిలుస్తుంది?

హువారాస్ పట్టణంలో ఒక చవుక వసతిగృహం. దాని వసారాలో గోడకు ఒక చెక్కపలక. జూలై మాసంలో ఒక సాయంత్రం ఆ పలకకు ఎవరో గుచ్చిన చీటీలో ఇలా ఉన్నది: “సాంతా క్రూస్ లోయకు పోదలచాను. గుడారం ఉన్నది, స్టవ్ లేదు. తోడు కావలెను.” తెల్లవారేసరికి ఆ చీటీ కింద మూడు పేర్లు చేరాయి.

చీటీ వ్రాసినది నెదర్లాండ్స్ దేశపు నర్సు. స్టవ్ ఉన్నవాడు కొరియా విద్యార్థి. వంటపాత్రలు ఇచ్చినావిడ ఆర్జెంటీనాలో ముప్పై యేళ్ళపాటు భూగోళం బోధించి విశ్రాంతి తీసుకున్న ఉపాధ్యాయిని. నాలుగవవాడు ఇరవై నాలుగేళ్ళ ఫ్రెంచి వడ్రంగి. అతడి దగ్గర రెండవ గుడారమూ, ఎంత బరువైనా మోయగల భుజాలూ ఉన్నవి. నలుగురికీ ఉమ్మడిగా తెలిసిన భాష అంతంతమాత్రపు స్పానిష్. ఒకరి ఇంటిపేరు ఒకరికి తెలియదు. అయినా ఆ మధ్యాహ్నమే అంగడికి పోయి, బియ్యం, ఉల్లిపాయలు, జున్ను, బంగాళదుంపలు కలిసి కొన్నారు. ఖర్చు నాలుగు భాగాలు చేసుకొన్నారు.

ఆండీస్‌లో తిరిగే పథికులకు ఇది వింత కాదు. ఏడు దేశాల మీదుగా సుమారు ఏడువేల కిలోమీటర్లు సాగిన ఆ పర్వతశ్రేణిలో ఒంటరిగా బయలుదేరినవారు అనేకులు. ఒంటరిగానే దారి ముగించేవారు తక్కువ.

తెల్లకొండలూ, నల్లకొండలూ

హువారాస్ సముద్రమట్టానికి మూడువేల మీటర్లకు కాస్త పైన, సాంతా నది పారే లోయలో ఉన్నది. లోయకు పడమట మంచు నిలువని నల్లకొండలు, తూర్పున మంచు తరగని తెల్లకొండలు. స్పానిష్ భాషలో వాటి పేర్లు కూడా అవే: కొర్దియెరా నీగ్రా, కొర్దియెరా బ్లాంకా. తెల్లకొండలలో ఆరువేల మీటర్లు మించిన శిఖరాలు డజనుకు పైగా ఉన్నవి. వాటిలో పెద్దది హువాస్కరాన్, 6,768 మీటర్లు. పెరూ దేశంలో అంతకు మించిన శిఖరం లేదు. 1975లో ఈ ప్రాంతాన్ని జాతీయోద్యానంగా ప్రకటించారు. 1985లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ స్థలాలలో చేర్చింది.

భూమధ్యరేఖకు తొమ్మిది డిగ్రీల దూరంలోనే ఇంత మంచు ఉండడం విడ్డూరం. ఉష్ణమండలంలోని హిమానీనదాలలో అత్యధిక భాగం పెరూలోనే ఉన్నది. అయితే అది కరిగిపోతున్న సంపద. గత అరవై యేళ్ళలో పెరూ హిమానీనదాల విస్తీర్ణం సగానికి పైగా తగ్గింది. కరిగిన నీరు కొండల ఒడిలో సరస్సులై నిలుస్తుంది. ఆ సరస్సులలో అనేకవాటి గట్లు హిమానీనదాలు విడిచిపోయిన రాళ్ళూ మట్టీ మాత్రమే. 1941 డిసెంబరు 13న అటువంటి గట్టు ఒకటి తెగి, హువారాస్‌లో పెద్ద భాగం కొట్టుకొనిపోయింది. వేలమంది మరణించారు.

కరాస్ పట్టణం మీదుగా కషాపంపా గ్రామానికి పోయే బస్సులో ఉపాధ్యాయిని ఈ సంగతులన్నీ వేలితో చూపిస్తూ చెప్పింది. వడ్రంగి మాత్రం కిటికీ బయట శిఖరాలకేసి చూస్తూ ఉండిపోయాడు. అతడు లీమా నుంచి రాత్రి బస్సులో వచ్చి అప్పటికి రెండు రోజులే అయింది. లీమా సముద్రతీరపు నగరం. తక్కిన ముగ్గురూ కుస్కోలోనో, బొలీవియాలోనో ఎత్తు ప్రదేశాలలో వారాలు గడిపి వచ్చినవారు. ఈ తేడాను ఆనాడు ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

లోయలోకి

కషాపంపా 2,900 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడ గాడిదలు తోలే ఒక పెద్దమనిషిని నలుగురూ కుదుర్చుకొన్నారు. ఇంట్లో కెచువా, పరాయివారితో స్పానిష్ మాట్లాడే రైతు. వెంట మూడు గాడిదలు, ఒక గుర్రం. గాడిదలు సామానుకు. “గుర్రం ఎందుకు?” అని విద్యార్థి అడిగితే, “అవసరం పడకూడదని,” అన్నాడాయన.

గాడిద ఈ కొండలకు పరాయి జంతువే. పదహారవ శతాబ్దంలో స్పానిష్‌వారితో వచ్చింది. అంతకు మునుపు బరువులు మోసినవి లామాలు. కాగా, ఇక్కడి నుంచి లోకానికి పోయినవీ తక్కువేమీ కాదు. బంగాళదుంపను మనిషి మొట్టమొదట సాగుచేసినది ఆండీస్‌లోనే, కొన్ని వేల యేళ్ళ క్రితం. నేటికీ ఈ కొండలలో వేల రకాల దుంపలు పండుతున్నవి. తెలుగువారి గడపలో మిరపకాయా, రాయలసీమ చేలలో వేరుశనగా కూడా అమెరికా ఖండాల నేల నుంచి సముద్రం దాటి వచ్చినవే.

మొదటిరోజు దారి ఇరుకైన కొండచీలికలో నిట్టనిలువున ఎక్కుతుంది. పక్కనే నది హోరు. వడ్రంగి అందరికన్న ముందు నడిచి, మలుపు మలుపుకూ ఆగి, ఉపాధ్యాయిని సంచి తాను అందుకొన్నాడు. సాయంత్రానికి యమకొర్రాల్ అనే పచ్చికబయలు చేరారు. ఎత్తు సుమారు 3,760 మీటర్లు. గుడారాలు వేసి, సూపు కాచుకొని, ఒకరి ఊరి సంగతులు ఒకరికి చెప్పుకొని నవ్వుకొన్నారు. నాలుగు రోజుల్లో విడిపోవలసినవారు కావడంవల్లనేమో, ఇంట్లోవారికి చెప్పని సంగతులు కూడా చెప్పుకొన్నారు.

మరునాడు లోయ విశాలమైంది. హాతుంకోచా సరస్సు దగ్గర దారి తెల్లని ఇసుకబయలు మీదుగా పోతుంది. 2012 ఫిబ్రవరిలో ఎగువ సరస్సులో కొండచరియ విరిగిపడి, పొంగిన నీరు తెచ్చిపోసిన ఇసుక అది. ఆవల అల్పమాయో శిఖరం. సాయంత్రం నాలుగింటికి తౌలిపంపా విడిది. ఎత్తు 4,250 మీటర్లు. ఎదురుగా తౌలిరాహు శిఖరపు మంచుగోడ. దాని పక్కన, కత్తితో గాటు పెట్టినట్లు, మరునాడు దాటవలసిన పుంతా ఉనియోన్ కనుమ. 4,750 మీటర్లు. ఈ ప్రయాణమంతా ఆ గాటు కోసమే.

దాచిన తలనొప్పి

అంత ఎత్తున నీరు 86 డిగ్రీలకే మరుగుతుంది. దుంపలు ఎంతకూ ఉడకవు. కనుమ మీద గాలి వత్తిడి సముద్రతీరంలో ఉండేదానిలో సగానికి కొంచెం ఎక్కువ మాత్రమే. ఒక్కొక్క ఊపిరికీ అందే ప్రాణవాయువు ఆ మేరకు తగ్గుతుంది. దేహం దీనికి అలవాటుపడగలదు, కాని గడువు కోరుతుంది. మూడువేల మీటర్లు దాటిన తరువాత ఒక రాత్రి పడకకూ మరురాత్రి పడకకూ నడుమ ఎత్తు ఐదు వందల మీటర్లకు మించి పెరగరాదని వైద్యుల మాట. గడువు ఇవ్వకపోతే తలనొప్పి, వాంతులు. ఆండీస్‌వారు దీనిని సొరోచె అంటారు. అది ముదిరితే ఊపిరితిత్తులలోనో మెదడులోనో నీరు చేరుతుంది. అప్పుడు ఆలస్యం ప్రాణాంతకం. దేహదారుఢ్యం ఇందులో రక్షణ కాదు. బలవంతుడు వేగంగా ఎక్కుతాడు గనుక ప్రమాదం కూడా వేగంగానే రావచ్చు.

ఆ రాత్రి వడ్రంగి భోజనానికి రాలేదు. అలసిపోయానన్నాడు. ఒంటిగంట వేళ అతడు గుడారం బయట వాంతి చేసుకొంటున్న చప్పుడుకు ఉపాధ్యాయిని లేచి, నర్సును లేపింది. నర్సు టార్చిలైటు నేలమీద వేసి, మడమకు బొటనవేలు ఆనించి నాలుగు అడుగులు నడవమన్నది. అతడు రెండవ అడుగుకే పక్కకు తూలాడు.

“తలనొప్పి ఎప్పటినుంచి?” అని ఆమె అడిగింది.

చాలాసేపటికి జవాబు వచ్చింది. “మొదటి రాత్రి నుంచి.”

“మరి చెప్పలేదేం?”

“చెబితే నన్ను వదిలేసి వెళతారనుకొన్నాను.”

పాత స్నేహితుల నడుమ మనిషి కాలు నొప్పి అని చెప్పి కూర్చుండిపోగలడు. కొత్త స్నేహితుల ముందు అంత ధైర్యం ఉండదు. తాను బరువు కాననిపించుకోవాలి. అందుకే ఇతరుల సంచులు కూడా మోస్తాడు. రెండు రోజులుగా అందరూ మెచ్చుకొన్న అతడి ఉత్సాహంలో సగం ఈ భయమే.

నర్సు నిర్ణయం చెప్పింది: “పైకి కాదు, కిందికి. తెల్లవారేదాకా ఆగడానికి లేదు.”

చిక్కు అక్కడే వచ్చింది. విద్యార్థి విమానం నాలుగు రోజుల్లో ఉన్నది. కనుమ చూడడానికి అతడికి ఇంకొక అవకాశం లేదు. రోగిని నర్సూ, గుర్రమూ దింపవచ్చు. తక్కిన ఇద్దరూ ఉదయం పక్క గుడారాలవారితో కలిసి కనుమ దాటవచ్చు. అందులో తప్పేమీ లేదు. ఉపాధ్యాయిని ఆ మాట పైకే అన్నది: “నువ్వు వెళ్ళు నాయనా. నిన్నెవరూ తప్పుపట్టరు.”

విద్యార్థి వెన్నెలలో తెల్లగా మెరుస్తున్న కనుమకేసి చూస్తూ నిలబడ్డాడు. అతడి ముఖంలో నిరాశ లేదని చెబితే అబద్ధమవుతుంది. తరువాత వంగి, గుడారపు మేకులు ఊడబెరకడం మొదలుపెట్టాడు. “కింద మీకు వేడినీళ్ళు కావాలి గదా,” అన్నాడు. “స్టవ్ నాది.”

దిగుడు

రైతు ఒక్కమాట మాట్లాడకుండా గాడిదల మీద సామాను కట్టాడు. వడ్రంగిని గుర్రం మీద కూర్చోబెట్టి, జారకుండా తన కంబళితో నడుము చుట్టాడు. గడ్డకట్టిన పచ్చికమీద, చలిలో, వారు వచ్చిన దారినే వెనక్కు నడిచారు. నర్సు గుర్రం పక్కనే నడుస్తూ, పది నిమిషాలకొకసారి రోగిని పేరుతో పిలిచి జవాబు వచ్చేదాకా ఊరుకోలేదు. తూర్పు తెలవారుతుండగా యమకొర్రాల్ చేరారు. దిగినది ఐదు వందల మీటర్లే. కాని మధ్యాహ్నానికి అతడు తిన్నగా నడిచాడు. సాయంత్రం దుంపల సూపు రెండుసార్లు అడిగి తాగాడు. ఇంత సులువైన మందు మరొకటి లేదు. దానిని వేసుకోవడానికి అభిమానం అడ్డురావడమే కష్టం.

మరునాడు కషాపంపాలో రైతుకు నాలుగు రోజుల కూలి లెక్కకట్టి, ఆ రాత్రి శ్రమకు అదనంగా కొంత చేతిలో పెట్టబోయారు. ఆయన కూలి మాత్రం తీసుకొన్నాడు. అదనపు సొమ్ము తిరిగి ఇచ్చి, నర్సును ఇంటికి పిలిచాడు. మనుమడి పాదంలో చీము పట్టిన గాయం ఉన్నది. ఆమె దానిని కడిగి, మందువేసి, కట్టుకట్టి, ఆసుపత్రికి ఎప్పుడు తీసుకుపోవలసి వస్తుందో వివరించింది. “ఇక సరిపోయింది,” అన్నాడాయన తృప్తిగా.

ఆండీస్ గ్రామాలలో ఈ లెక్కకు ఒక పేరున్నది. కెచువాలో “అయ్ని” అంటారు. నేడు నీ చేనులో నా రెక్కలు, రేపు నా చేనులో నీ రెక్కలు. మన పల్లెలలో నాట్లకూ కోతలకూ ఒకరికొకరు బదులు పోవడం వంటిదే. అపురిమాక్ నదిమీద కెస్వచాకా అనే గడ్డితాళ్ళ వంతెనను నాలుగు గ్రామాలవారు ఏటేటా జూన్‌లో ఈ పద్ధతినే కలిసి పేనుతారు. 2020లో మహమ్మారి కారణంగా ఆ పని ఆగింది. 2021 మార్చిలో వంతెన తెగి నదిలో పడింది. ఆ జూన్‌లోనే మళ్ళీ పేనారు. ఒక్క యేడు చేతులు కలవకపోతే తెగిపోయే వంతెన అది.

తాటిచెట్ల నీడన

మూడవనాడు నలుగురూ యుంగాయ్ చూడబోయారు. 1970 మే 31, ఆదివారం మధ్యాహ్నం పెద్ద భూకంపం వచ్చింది. దాని తీవ్రత 7.9. హువాస్కరాన్ ఉత్తర శిఖరం నుంచి మంచూ రాళ్ళూ విరిగి, నిమిషాలలో యుంగాయ్ పట్టణాన్ని కప్పివేశాయి. ఆ భూకంపంలో పెరూ అంతటా సుమారు డెబ్బైవేలమంది మరణించారు. యుంగాయ్‌లో బ్రతికినవారు కొందరే. శ్మశానపు గుట్టమీదికి పరుగెత్తినవారు 92 మంది. ఊరి వెలుపల సర్కసు చూడబోయినవారు సుమారు మూడు వందలు. వారిలో ఎక్కువమంది పిల్లలు. పాత ఊరు నేడు తవ్వరాని సమాధిస్థలం. పైన గులాబీతోటలు, నలిగిన బస్సు ఒకటి, ఊరి కూడలిలో ఆనాడు నిలిచిన తాటిచెట్ల ఆనవాళ్ళు. దూరాన, ఏమీ ఎరుగనట్లు, తెల్లని హువాస్కరాన్.

వడ్రంగి ఆ శిఖరాన్ని చాలాసేపు చూశాడు. “దాని ముందు నా బలం నిరూపించుకోవాలనుకొన్నాను,” అని మాత్రం అన్నాడు.

ఆ రాత్రే విద్యార్థి లీమా బస్సు ఎక్కాడు. అతడికి ఆండీస్‌లో మిగిలిన జ్ఞాపకం దాటని కనుమ. బస్సు కదిలే ముందు వడ్రంగి అతడిని కౌగిలించుకొని ఏదో చెప్పబోయాడు. ఇద్దరికీ తెలిసిన స్పానిష్ ముక్కలు అందుకు చాలలేదు. మరునాడు ఉపాధ్యాయిని దక్షిణానికీ, నర్సు బొలీవియాకూ బయలుదేరారు. వడ్రంగి ఇంకొక వారం హువారాస్‌లో ఉండి, ఎత్తుకు దేహాన్ని అలవాటు చేసుకోదలచాడు.

వసతిగృహపు పలకమీద ఆ సాయంత్రం కొత్త చీటీ కనబడింది: “సాంతా క్రూస్ లోయకు పోదలచాను. గుడారం ఉన్నది, స్టవ్ లేదు. నెమ్మదిగా నడుస్తాను. తలనొప్పి వస్తే చెబుతాను. మీరూ చెప్పాలి.”