వేడి ఎక్కడికి పోతోంది?

పిల్లలూ! మనవి బదిలీ కుటుంబాలు. ఊరు మారినప్పుడల్లా మీకు కొత్త బడి, మాకు కొత్త స్టాఫ్ రూము. మా ఇంట్లో ఈ మార్పులన్నీ మాతోపాటు భరిస్తున్నది మా పాత ఆటోమేటిక్ కారు. ప్రతి ఊళ్లోనూ దానికి ఒక కొత్త మెకానిక్.

ఆటోమేటిక్ అంటే క్లచ్ పెడల్ ఉండదు. మా బండిలో ఆ పని చేసేది టార్క్ కన్వర్టర్. రెండు టేబుల్ ఫ్యాన్లను ఎదురెదురుగా పెట్టి ఒకదాన్ని తిప్పితే, ఆ గాలికి రెండోది కూడా తిరుగుతుంది కదా! ఇక్కడ గాలికి బదులు నూనె. బండి నత్తనడక నడిచేటప్పుడు ఇంజను వైపు చక్రం వేగంగా, గేర్ల వైపు చక్రం మెల్లగా తిరుగుతాయి. ఆ తేడా వల్ల ఇంజను శక్తిలో కొంత నూనెలో వేడిగా మారుతుంది. అందుకే ఆ నూనెను గొట్టాల ద్వారా ముందువైపు కూలర్‌కు పంపి, చల్లార్చి, మళ్లీ గేర్‌బాక్సుకు తెస్తారు.

మేము ఖరగ్‌పూర్‌లోని ఇందాకు వచ్చిన మొదటి వేసవిలోనే బండి మొరాయించింది. ఓ.టి. రోడ్డు మీద ట్రాఫిక్‌లో కాసేపు ఆగి ఆగి నడిస్తే చాలు, గేరు ఆలస్యంగా పడేది, పడ్డప్పుడు గట్టిగా కుదిపేది. ఒక మెకానిక్ బానెట్ ఎత్తి చూసి, గేర్‌బాక్సు మార్చాల్సిందే అన్నాడు. ఆ ఖర్చు వింటే మా ఇద్దరి జీతాలూ గుర్తొచ్చాయి. బండి అమ్మేద్దామనే అనుకున్నాం.

మా పక్కింటి తాతగారు రైల్వేలో డీజిల్ ఇంజన్ల మరమ్మతు చేసి రిటైరయ్యారు. వాళ్ల పెద్దలు శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికి వచ్చినవారు. ఆయన బానెట్ ఎత్తలేదు. "జొరం ఏ వేళకొస్తందో ముందు సెప్పండి టీచరమ్మా" అన్నారు. వారం రోజులు రాసి పెట్టాం. తెల్లవారుజామున బాగుంది. హైవే మీద బాగుంది. ఎండలో, ట్రాఫిక్‌లోనే జబ్బు. "అయితే గేర్లు బాగానే ఉన్నాయి, వేడికే దారి లేదు" అన్నారాయన.

చూస్తే కూలర్ రెక్కల మధ్య ఎర్రమట్టి, పురుగులు అట్టకట్టి ఉన్నాయి. ఇంజను చల్లారాక, రెక్కలు వంగకుండా, లోపలి నుంచి బయటికి సన్నధారతో కడిగించాం. నూనె గోధుమరంగుకు తిరిగి మాడువాసన వస్తోంది. బండి పుస్తకంలో చెప్పిన రకమే కొత్తగా పోయించాం. కుదుపు పోయింది.

పని చేస్తూ తాతగారు మన్ మోహన్ సూరి గురించి చెప్పారు. భారతీయ రైల్వే ఇంజనీరైన ఆయన నూనెతో శక్తిని అందించే ట్రాన్స్‌మిషన్ రూపొందించి, 1962లో భట్నాగర్ పురస్కారం అందుకున్నారు. మన చిత్తరంజన్‌లో తయారైన డబ్ల్యూడీఎస్-4 షంటింగ్ ఇంజన్లలో దాన్ని వాడారు.

మీ ఇంట్లో ఆటోమేటిక్ బండి ఉంటే ఇవి గుర్తుంచుకోండి. నూనె పాలు కలిపినట్టు గులాబీ రంగులో కనిపిస్తే, రేడియేటర్ నీళ్లు అందులో కలుస్తున్నట్టు అనుమానించాలి, బండి నడపకూడదు. చెడిపోయిన బండిని ఇంజను ఆపి, నడిపే చక్రాలు నేలమీద ఉంచి ఈడ్చుకెళ్లకూడదు. పంపు తిరగదు కనుక గేర్లకు నూనె అందదు. ఏఎంటీ అని రాసి ఉన్న బండ్లలో టార్క్ కన్వర్టర్ ఉండదు, మామూలు క్లచ్చే ఉంటుంది. వాటి సంగతి వేరు.

కొత్త ఊళ్లో మెకానిక్‌కు మన బండి చరిత్ర తెలియదు. కొత్త బడిలో టీచరుకు మీ సంగతి తెలియనట్టే! అందుకే మీకు టీసీ, మార్కుల జాబితా ఉన్నట్టు మా కారుకూ ఒక నోటుబుక్కు పెట్టాం. నూనె ఎప్పుడు మార్చాం, కూలర్ ఎప్పుడు కడిగాం, జబ్బు ఏ వేళలో వచ్చింది అన్నీ అందులో ఉంటాయి. ఈసారి బదిలీకి సామాను సర్దేటప్పుడు అది మా సర్టిఫికెట్ల ఫైలులోనే ప్రయాణిస్తుంది.