అన్నీ సొంతగడ్డ మ్యాచులే!

శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతం ఒడ్డు. నీలి నీళ్లు, దూరంగా కొండలు, తలపైన సముద్రపు పక్షులు... చూస్తే ఏ ఖరీదైన రిసార్టో అనుకుంటాం. కానీ అది శాన్‌క్వెంటిన్, కాలిఫోర్నియాలోకెల్లా పాత జైలు. 1852 నుంచీ ఉంది. రాష్ట్రంలో మరణశిక్షలు అమలుచేసే గది ఇక్కడే ఉండేది. 2019లో గవర్నర్ గావిన్ న్యూసమ్ దాన్ని మూయించాడు.

ఈ గోడల మధ్య, ఆరుబయట, ఓ బాస్కెట్‌బాల్ కోర్టుంది. 2012లో అక్కడికి ఎన్‌బీఏ జట్టు గోల్డెన్‌స్టేట్ వారియర్స్ ఆడటానికొచ్చింది. తమాషా ఏంటంటే, ఖైదీల జట్టు పేరూ వారియర్సే! ఆ తర్వాతా ఈ పోటీ కొనసాగింది.

కర్రీలాంటి స్టార్లు బరిలోకి దిగరు. ఆడేది కోచ్‌లూ, ఆఫీసు సిబ్బందీ. అలాగని తేలిగ్గా తీసుకోవడానికి లేదు. అప్పటి జనరల్ మేనేజర్ బాబ్ మైయర్స్ 1995లో కాలేజీ ఛాంపియన్‌గా నిలిచిన యూసీఎల్‌ఏ జట్టు సభ్యుడు. ఇక, 2016లో కెవిన్ డ్యురాంట్ వచ్చి కోర్టు పక్కన నిలబడితే ఖైదీల ఆనందం చూడాలి!

లోపలికెళ్లే అతిథులకు షరతులుంటాయి. నీలంరంగు బట్టలు వేసుకోకూడదు, అది ఖైదీల రంగు. ఎవరైనా బందీగా చిక్కినా వాళ్లకోసం జైలు అధికారులు బేరాలాడరు. ఆట మంచి పట్టులో ఉన్నా సరే, అలారం మోగిందంటే ఖైదీలంతా ఉన్నచోటే నేలమీద కూర్చోవాలి. మళ్లీ అనుమతి వచ్చాకే బంతి కదిలేది.

మరి, హంతకులకు ఈ వినోదమెందుకు? ఆప్తుల్ని పోగొట్టుకున్న కుటుంబాలు అడిగితే తప్పేమీ లేదు. అయితే అమెరికా జైళ్లలోని ఖైదీల్లో అత్యధికులు ఏదో ఒకరోజు బయటికొచ్చి, ఎవరో ఒకరి పక్కింట్లో ఉండాల్సినవాళ్లే. ఓడినా కోపం దిగమింగడం, రిఫరీ మాట వినడం, ప్రత్యర్థికి చెయ్యి కలపడం... అవన్నీ లోపలే నేర్చుకుని వస్తే మంచిది కదా!

ఆ ఆలోచనతోనే కావచ్చు, 2023లో జైలు పేరును ‘శాన్‌క్వెంటిన్ పునరావాస కేంద్రం’గా మార్చారు. 2024లో మరణశిక్ష ఖైదీల్ని ఇతర జైళ్లకు తరలించారు.

మ్యాచ్ అయ్యాక రెండు జట్లూ కలిసి ఫొటో దిగుతాయి. తర్వాత ఒక జట్టు గేటు దాటి ఇంటికెళ్తుంది. రెండోది లెక్కింపు కోసం వరసలో నిలబడుతుంది. స్కోరు ఎంతన్నది అప్పటికి ఎవరికీ అంత ముఖ్యం కాదు.