గాలివాన కబురు నడిచిన దారిలో

విజయవాడ నుంచి బందరు వెళ్లే రైలు గుడివాడలో కాస్త ఎక్కువసేపే ఆగింది. కార్తీక మాసం. పట్టాలకు రెండు పక్కలా వరి కంకులు బరువెక్కి వంగుతున్నాయి. పంట చేతికొచ్చే ఈ రోజుల్లోనే కృష్ణా డెల్టా ఆకాశం వంక భయంగా చూస్తుంది. 1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెన, 1977 నవంబరు 19న దివిసీమను ఊడ్చేసిన ఉప్పెన, రెండూ ఈ కాలంలోనే వచ్చాయి. ఆపద ముంచుకొచ్చినప్పుడు జనం ఊరు ఎలా ఖాళీ చేస్తారో, ఒకరినొకరు ఎలా దాటించుకుంటారో వాళ్ల నోటనే వినాలని బయలుదేరాను.

సముద్రం దాకా వెళ్లకముందే ఒక కథ దొరికింది. ఎదురు సీటులోని పెద్దావిడది నందివాడ మండలం. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడను ముంచడం దేశమంతా చూసింది. ఆ నీరే కొల్లేరు వైపు నడుస్తూ దారిలో నందివాడ ఊళ్లను చుట్టేసిన సంగతి తెలిసినవాళ్లు తక్కువ. "మాకు నీళ్లు చెప్పి వచ్చాయి నాయనా, రేపొస్తాయి, ఎల్లుండొస్తాయి అంటూనే ఉన్నారు. అయినా గొడ్లను వదిలి ఎట్టా పోతాం?" అంది. ముందు పశువుల్ని ఎత్తైన రోడ్డు మీదికి తోలారట. తరవాత పూరిళ్లవాళ్లంతా డాబాలవాళ్ల ఇళ్లు ఎక్కారు. "ఎవరి డాబా, ఎవరి కులం అని ఆ పూట ఎవరూ అడగలేదు. ఒకే పొయ్యి మీద వండుకున్నాం." ఆవిడ పెడనలో దిగిపోయింది. ఆ చివరి మాట మాత్రం ప్రయాణమంతా నాతోనే ఉంది.

బందరులో వాతావరణ శాఖ డాప్లర్ రాడార్ ఉంది. అల్పపీడనం ఎక్కడ పుట్టింది, ఎటు కదులుతోంది అన్నది ఇప్పుడు గంటగంటకూ తెలుస్తుంది. 1864లో అలాంటి కబురేదీ లేదు. ఆ రాత్రి ఉప్పెనలో పట్నమూ చుట్టుపక్కల పల్లెలూ కలిపి దాదాపు 30 వేల మంది పోయారని జిల్లా చరిత్రలు చెబుతాయి. గిలకలదిండి రేవులో వలలు బాగుచేసుకుంటున్న జాలర్లను అడిగితే, ఇప్పుడు రేవులో తుపాను సిగ్నల్ ఎక్కించకముందే సెల్‌ఫోన్లో కబురొస్తుందన్నారు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. అప్పటికే బోట్లన్నీ ఒడ్డుకు చేరాయి. ఒక జాలరి చెప్పిన మాటను ఇక్కడ రాయకుండా ఉండలేను. "ఫోనొచ్చిందని ఎవడూ కదలడండీ. పక్కింటోడు మూట కట్టాడంటేనే కదులుతాం."

చల్లపల్లి, మోపిదేవి దాటాక పులిగడ్డ. అక్కడ కృష్ణ రెండు పాయలుగా చీలుతుంది. ఆ రెండు పాయలకూ సముద్రానికీ నడుమ ఉన్న నేలే దివిసీమ. ఏటికి వరదొస్తే పైనుంచి, గాలివానొస్తే కిందినుంచి, ఈ నేలకు నీరు రెండు వైపులా శత్రువే. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వదిలినప్పుడు, కరకట్ట ఎక్కడ జారుతుందోనని రాత్రుళ్లు కాపలా కాసి ఇసుక బస్తాలు మోసింది ఊళ్లవాళ్లే. అవనిగడ్డ దగ్గర 1977 ఉప్పెన స్మారకం ఉంది. ఆనాడు కెరటం ఎంతవరకు వచ్చి ఆగిందో అక్కడ కట్టారు. అక్కడ నిలబడి సముద్రం వైపు చూస్తే సముద్రం కనబడదు. పొలాలూ తాడిచెట్లూ తప్ప మరేమీ లేదు. ఇంత దూరం ఉప్పునీరు ఎలా వచ్చిందని మనసు నమ్మడానికి మొరాయిస్తుంది.

ఉప్పెన వచ్చిన ఆ రోజు శనివారం. మధ్యాహ్నం నుంచే గాలి హోరు. రేడియోలో హెచ్చరిక వచ్చింది గానీ రేడియో ఉన్న ఇల్లు ఊరికి ఏ ఒకటో రెండో. గాలివానలు ఎన్ని చూడలేదన్న ధైర్యం ఒకటి. గాలి వస్తుందని విన్నారు, సముద్రమే లేచి వస్తుందని ఎవరూ ఊహించలేదు. సుమారు అయిదు మీటర్ల ఎత్తున కెరటం లేచింది. నాగాయలంక, కోడూరు మండలాల తీర గ్రామాలు, సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి వంటివి, దాని దారికి అడ్డంగా ఉన్నాయి. పదివేల మందికి పైగా చనిపోయారు. సర్కారు లెక్కకు అందనివాళ్లు ఇంకెందరో ఉన్నారని దివిసీమ నమ్ముతుంది. నేనూ నమ్ముతాను.

నాగాయలంకలో ఒక పెద్దాయన తన ఇంటి అరుగు మీద కూర్చోబెట్టుకుని చెప్పారు. అప్పటికి ఆయన పెళ్లీడు కుర్రాడు. ఇంటి పైకప్పు నీటికి లేచి తేలితే దాని మీద ముగ్గురు పిల్లల్ని ఎక్కించుకున్నారట. వాళ్లలో ఒక్కరే సొంత తమ్ముడు. మిగిలిన ఇద్దరూ ఎవరి పిల్లలో ఆయనకు అప్పుడు తెలియదు. తుమ్మచెట్టుకు తగిలి కప్పు ఆగింది. ముళ్లు ఒళ్లంతా చీల్చినా కొమ్మ వదల్లేదు. తెల్లారాక ఒంటి మీద బట్టలేనివాళ్లకు, దొరికిన చీరను ముక్కలు చేసి ముసలమ్మలు కప్పారట. "మాకు మొదట అన్నం పెట్టింది గవర్నమెంటు కాదు బాబూ. ఎగువ ఊళ్లవాళ్లు బురదలో నడిచి, తట్టల్లో అన్నం మోసుకొచ్చారు" అన్నారాయన.

తరవాత దేశమంతా కదిలింది. ఎన్టీ రామారావు, అక్కినేని నాగేశ్వరరావు జోలె పట్టి వీధుల్లో విరాళాలు పోగుచేశారు. మదర్ థెరిసా వచ్చారు. దివిసీమ నాయకుడు మండలి వెంకట కృష్ణారావు పేరు ఇప్పటికీ ఇక్కడ ఉప్పెన సేవతో కలిపే తలుస్తారు. విజయవాడ నాస్తిక కేంద్రం నుంచి రామకృష్ణ మిషన్ దాకా, ఒకరి నమ్మకాలు ఒకరికి పడనివాళ్లంతా ఒకే బురదలో పనిచేశారు. ఆ సేవ గురించి పుస్తకాలున్నాయి, శిలాఫలకాలున్నాయి. తుమ్మచెట్టు మీద పరాయి బిడ్డను పట్టుకున్న చేతులకు మాత్రం ఏ ఫలకమూ లేదు.

పన్నెండున్నరేళ్ల తరవాత, 1990 మే 9న దాదాపు అంతే బలమైన తుపాను ఈ కృష్ణా ముఖద్వారం దగ్గరే తీరం దాటింది. ఈసారి లక్షన్నర మందికి పైగా జనాన్ని ముందే తరలించారు. అప్పుడూ ప్రాణాలు పోయాయి, కానీ వెయ్యికి లోపు. మధ్యలో మారింది సముద్రం కాదు. తుపాను షెల్టర్లు లేచాయి, హెచ్చరికల తీరు మారింది. అన్నిటికీ మించి, 1977ను చూసిన ఒక్కరైనా ప్రతి ఇంట్లో ఉన్నారు. లేవండి, పోదాం అని వాళ్లు అంటే ఎదురు చెప్పినవాళ్లు లేరు.

ఏటిమొగ రేవులో పంటు ఎక్కి ఎదురుమొండి దీవికి వెళ్లాను. రెండు పడవలు కలిపి పైన బల్లలు పరిచిన పంటు మీద మోటారు సైకిళ్లు, బియ్యం బస్తాలు, బడి పిల్లలు, అందరం కలిసే. దీవివాళ్లకు ఊరు ఖాళీ చేయడం మనం అనుకున్నంత తేలిక కాదు. గాలి పెరిగితే ముందు ఆగేది పంటే. కాబట్టి ఎండ కాస్తున్నప్పుడే బయలుదేరాలి. ఎండలో ఇల్లు వదలమంటే ఎవరికి మనసొప్పుతుంది? రేవు దగ్గర చేపలు అమ్ముతున్న ఆడవాళ్లు ఒక్కొక్కరే తమ లెక్క చెప్పారు. మేకలున్నాయి, వలలున్నాయి, మంచంలో ఉన్న అత్తగారుంది. షెల్టరులో మరుగుదొడ్డి సరిగా లేకపోతే ఆడపిల్లల్ని తీసుకుని ఎలా వెళ్తాం అని ఒకామె గట్టిగానే అడిగింది. జనం మొండికేశారని పేపర్లు రాస్తాయి. నాకైతే అందులో మొండితనం ఏమీ కనిపించలేదు.

ఆ లెక్కలన్నీ వాళ్లలో వాళ్లే తీర్చుకుంటారు. ఏ ఇంట్లో నెలలు నిండిన కోడలుందో ఆశా కార్యకర్తకు తెలుసు. ఎవరు నడవలేరో డ్వాక్రా సంఘంవాళ్లకు తెలుసు. మొదటి పంటులో వాళ్లు వెళ్తారు. కుర్రాళ్లు మేకల్ని దిబ్బ ఎక్కించి, పశువుల పలుపులు విప్పి, ఆఖరున వస్తారు. పలుపు విప్పడం చిన్న విషయం కాదు. 1977లో కట్టుకొయ్యకు ఉన్న పశువు ఉన్నచోటే మునిగి చచ్చింది.

ఊరివాళ్లే చేసుకునే ఈ పనిని ఒక పద్ధతిగా మార్చిన దేశమూ ఉంది. 1970లో భోలా తుపానుకు లక్షలమందిని పోగొట్టుకున్న బంగ్లాదేశ్, 1972 నుంచి ఊళ్లవాళ్లకే శిక్షణనిచ్చి తుపాను వాలంటీర్ల దళాన్ని నడుపుతోంది. మెగాఫోన్ పట్టుకుని వీధివీధీ తిరిగేది, ముసలివాళ్లను మోసేది ఆ ఊరి మనుషులే. ఇప్పుడు వాళ్లు వేలల్లో ఉన్నారు, ఆడవాళ్లూ పెద్ద సంఖ్యలో చేరారు. మన తీరంలో ఆ పని అలవాటుగా జరుగుతోంది గానీ, దానికి ఒక పద్ధతీ శిక్షణా గుర్తింపూ ఇంకా కావాలి. 1977ను కళ్లారా చూసినవాళ్లు ఏటేటా తగ్గిపోతున్నారు. లేవండి అనేవాళ్లు లేకపోతే సెల్‌ఫోన్ ఎంత మోగినా ఏం లాభం?

హంసలదీవిలో వేణుగోపాలస్వామి గుడికి వెళ్లాను. ఉప్పెన నాడు ఈ రాతిగోడల లోపల చేరినవాళ్లు బతికారని ఊళ్లో చెబుతారు. గుడి దాటి సాగరసంగమం వైపు నడిస్తే మడ అడవి. కెరటం ఊపును ఈ వేళ్లే కొంత మింగుతాయని జాలర్లకు ఎప్పటినుంచో తెలుసు. రొయ్యల చెరువుల కోసం మడ పోయిన చోట్ల ఊరికీ సముద్రానికీ నడుమ అడ్డమన్నది లేదు.

దివిసీమలో, బందరులో పుట్టి హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్నవారికి ఒక మనవి. సంక్రాంతికి ఊరు వెళ్లినప్పుడు మీ తుపాను షెల్టరు దాకా ఒకసారి నడవండి. తాళం ఎవరి దగ్గరుందో అడగండి. కుళాయి తిప్పి చూడండి, మరుగుదొడ్డి తలుపు తెరిచి చూడండి. మెట్లు ఎక్కలేని ముసలివాళ్లు ఎవరెవరున్నారో, వాళ్లను మోయడానికి ఎవరొస్తారో కనుక్కోండి. లోటు కనిపిస్తే పంచాయతీతో మాట్లాడి, మళ్లీ అక్టోబరు రాకముందే బాగుచేయించండి.