సున్నా బైట్ల ఖాతా

మా ఊరు ఆత్మకూర్. ఇప్పుడు వనపర్తి జిల్లా, 2016కి ముందు మహబూబ్‌నగర్ జిల్లా. జూరాల ప్రాజెక్టు దగ్గరే. మా ఇంటి ముందర మాకు చిన్న కిరాణం ఉంది. నేను నర్సరీ నుంచి ఇంగ్లీష్ మీడియం, అందుకే ఈ వ్యాసంలో అక్షర దోషాలు కనిపిస్తే మన క్లబ్ వాళ్లు సర్దుకోవాలి.

మా దుకాణంలో సగం బేరం ఉద్దెరే. వడ్లు అమ్మిన పైసలు వచ్చినంక కడతారు. ఆ లెక్కంతా తాత రాసే పొడుగు పుస్తకంలో ఉండేది. పోయిన వేసవి సెలవుల్లో నాకు పైథాన్ కొత్తగా వచ్చింది. కొత్తగా వచ్చిన వాడు ఊరుకోడు కదా. "ఇంకా పుస్తకమేంది డాడీ" అని పాత ల్యాప్‌టాప్‌లో ఖాతా ప్రోగ్రామ్ రాసి పెట్టిన. పుస్తకం మూసేయమని చెప్పింది కూడా నేనే.

ప్రోగ్రామ్ నడుస్తున్నంత సేపు లెక్కలు మెమరీలో ఉంటాయి. ఆపితే పోతాయి. అందుకే వాటిని బైట్ల వరసగా మార్చి ఫైల్‌లో పెట్టాలి, అది సీరియలైజేషన్. మళ్లీ ఆ బైట్ల నుంచి అవే లెక్కలు తీయాలి, అది డీసీరియలైజేషన్. పైథాన్‌లో దీనికి పికిల్ అని ఉంది. ఒక్క లైన్‌తో పని అయిపోతుంది. నేను అదే వాడిన.

పన్నెండు రోజులు బాగానే నడిచింది. పదమూడో రోజు పొద్దున ప్రోగ్రామ్ తెరిస్తే ఎర్రర్: ఇన్‌పుట్ అయిపోయింది అని. ఫైల్ సైజు చూస్తే సున్నా బైట్లు. ముందు రోజు రాత్రి సేవ్ అయ్యే టైంలోనే కరెంటు పోయింది. ఆ ల్యాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది.

తప్పు పికిల్‌ది కాదు, నాది. ఫైల్‌ని రాయడానికి తెరవగానే పైథాన్ ముందు అందులో ఉన్నదంతా తుడిచేస్తుంది, తర్వాతే కొత్తది రాస్తుంది. ఆ రెండింటి మధ్య కరెంటు పోతే పాతది ఉండదు, కొత్తది రాదు. పలక తుడిచినంక బలపం విరిగినట్టు.

పన్నెండు రోజుల ఉద్దెర పోయింది. డాడీ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అంటేనే బాగుండు అనిపించింది. వచ్చిన ప్రతి ఒక్కరినీ "మీది ఎంత ఉండె?" అని అడిగిండు. చాలామంది చెప్పిన్రు, కొందరు తక్కువ చేసి చెప్పిన్రేమో, తెలీదు. ఒక అవ్వ మాత్రం ఆ పన్నెండు రోజుల్లోనే 800 కట్టింది. పాత పుస్తకంలో మాత్రం బాకీ అట్లనే ఉంది. "నీ డబ్బాల లేకుంటే ఏమాయె, నేనిచ్చింది ఇచ్చినట్టే" అన్నది నన్ను చూసి. డాడీ వెంటనే కొట్టేసిండు. కానీ ఆమె కళ్లల్లో భయం నేను చూసిన. కట్టిన పైసలు మళ్లీ కట్టాల్సి వస్తదేమో అని. అది నా కోడ్ వల్ల వచ్చిన భయం.

రాత్రి తాత అన్నడు: "రాసుడు పెద్ద పనేం కాదు బిడ్డా. మల్ల తెరిస్తే అదే లెక్క రావాలె."

మా సిలబస్‌లో ఇంతకన్నా మంచి డెఫినిషన్ నాకు దొరకలేదు.

తర్వాత తాత పుస్తకం తెరిచి చూస్తే నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఇంటికో పేజీ, పేరుకి ఒక్క అక్షరమే, కొన్ని అంకెల చుట్టూ సున్నా. చుట్టితే తీరిపోయినట్టట. ఎంత కంపాక్ట్ ఫార్మాట్! కానీ అది చదివే పద్ధతి తాత తలలోనే ఉంది. రెండు రోజులు పక్కన కూర్చొని నేర్చుకొని, ఆ గుర్తులన్నీ పుస్తకం మొదటి పేజీలో రాసిపెట్టిన.

రెండోసారి మెసేజ్‌ప్యాక్ వాడిన. పికిల్ పైథాన్‌కి మాత్రమే పనికొస్తుంది, పైగా ఎవరో పంపిన పికిల్ ఫైల్ తెరిస్తే అందులో దాచిన కోడ్ కూడా నడుస్తుంది. మెసేజ్‌ప్యాక్ అట్లా కాదు, చాలా భాషల్లో చదవచ్చు. మన ఊరి పేరుతోనే చూడండి. "ఆత్మకూర్"లో పొల్లులు, గుణింతం గుర్తు విడిగా లెక్కపెడితే 8 యూనికోడ్ క్యారెక్టర్లు. యూటీఎఫ్-8లో ఒక్కోటి 3 బైట్లు, మొత్తం 24. పైథాన్‌లో జేసన్ మామూలుగా రాస్తే తెలుగు అక్షరాలన్నీ కోడ్‌లుగా మారి, కోట్స్‌తో కలిపి 50 బైట్లు అవుతుంది. మెసేజ్‌ప్యాక్‌లో 25. ఆ ఎక్కువైన ఒక్క బైట్ విలువ 184. అందులో 160 అంటే "వచ్చేది చిన్న మాట", మిగతా 24 అంటే "నా వెనక 24 బైట్లు ఉన్నయ్". చదివేవాడు మాట ఎక్కడ అయిపోతుందో వెతుక్కోనక్కర్లేదు.

నిజం చెప్పాలంటే మా దుకాణానికి ఈ పొదుపు అవసరం లేదు. అసలు మార్పు వేరే. ఇప్పుడు ముందు పక్కన ఇంకో ఫైల్‌లో రాసి, అది డిస్క్ మీదికి పూర్తిగా చేరినంకనే ఓఎస్ మాడ్యూల్‌లోని రీప్లేస్‌తో పాతదాని స్థానంలో పెడతా. మధ్యలో కరెంటు పోయినా పాతదో కొత్తదో ఒకటి పూర్తిగా ఉంటుంది. ఫైల్ మొదట్లో వెర్షన్ నంబర్ కూడా పెట్టిన, రేపు నేను ఫార్మాట్ మారిస్తే పాతది ఎట్లా చదవాలో తెలియడానికి. ఇంకా, సేవ్ చేసిన ప్రతిసారీ ప్రోగ్రామ్ దాన్ని వెంటనే తెరిచి అదే లెక్క వచ్చిందా అని సరిచూస్తుంది. అది తాత టెస్ట్ కేస్.

ఇప్పుడు దుకాణంలో రెండూ నడుస్తున్నయ్, ప్రోగ్రామూ పుస్తకమూ. ఈసారి పుస్తకం మూసేయమని నేను చెప్పలేదు. మొన్న ఇంటికి పోయినప్పుడు ఆ అవ్వ వచ్చి 200 కట్టింది. డాడీ ల్యాప్‌టాప్‌లో ఎక్కించిండు. ఆమె కదల్లేదు. "పుస్తకంల గూడ రాయి" అన్నది.

నేనే రాసి ఆమెకు చూపించిన.