గరిక నేర్పిన పాఠం

ఈ సంచికకు ఏదైనా వ్రాయమని సంపాదకవర్గంలోని విద్యార్థులు కోరినప్పుడు, వృక్షశాస్త్ర వ్యాసమేదో ఇస్తానని వారు తలచి ఉంటారు. నేను వ్రాస్తున్నది గోల్ఫ్‌ను గురించి. ఆ ఆటను నేను ఆడినది జీవితంలో ఒక్క సాయంకాలం మాత్రమే. అయినా అదీ గడ్డికి సంబంధించిన సంగతే కనుక నా శాస్త్రానికి మరీ దూరంగా పోవడం లేదని మనవి.

కొన్నేండ్ల క్రిందట వేసవి సెలవులలో అమెరికాలోని మా మేనల్లుడి ఇంటికి వెళ్లాను. అతని ఉద్యోగం న్యూజెర్సీలో. సభ్యుడుగా ఉన్న గోల్ఫ్ క్లబ్ మాత్రం ఎక్కడో దక్షిణాన జార్జియా రాష్ట్రంలో! విమానమెక్కి వెళ్లి ఆడవలసిన క్లబ్బులో సభ్యత్వమెందుకురా అని అడిగాను.

“దీనిని నేషనల్ మెంబర్‌షిప్ అంటారు మామయ్యా. క్లబ్బుకు దూరంగా నివసించేవారికే ఇస్తారు. స్థానికుల కంటె చందా తక్కువ. ఏడాదిలో ఇన్ని రోజులే ఆడాలనే హద్దు ఉంటుంది. మాకు ఖర్చు కలిసివస్తుంది, క్లబ్బుకు మైదానం క్రిక్కిరియకుండానే రాబడి వస్తుంది” అన్నాడు.

“అయితే డబ్బు కడితే ఎవరైనా చేరవచ్చునా?”

అతడు నవ్వి, “ముందు ఇద్దరు సభ్యులు మనలను ఎరిగి ఉండాలి మామయ్యా” అన్నాడు.

ఆ వారాంతంలోనే నన్ను అతిథిగా అక్కడికి తీసుకొనిపోయాడు. మైదానంలో అడుగుపెట్టగానే నా కన్ను గడ్డిపై పడింది. అది మన గరికయే! మన పొలంగట్లపై ఎవరూ నాటకుండా పెరిగే గరికను అక్కడ బెర్ముడా గడ్డి అంటారు. దక్షిణ రాష్ట్రాల మైదానాలలో దానిని పసిబిడ్డను సాకినట్లు సాకుతున్నారు. నడుమ ఫెయిర్‌వే అనే బాటలో అర అంగుళం ఎత్తున కత్తిరిస్తారు. ఇరుప్రక్కలా పొడుగుగా పెరగనిస్తారు. ఆ పొడుగు గడ్డి పేరే రఫ్. తిన్నగా కొట్టినవానికి పొట్టి గడ్డి బహుమానం, వంకరగా కొట్టినవానికి పొడుగు గడ్డి శిక్ష. ఈ ఆటలోని న్యాయం అది.

పొద్దు వాలి జనం పలుచబడిన తరువాత చివరి బాటలో నన్నొక బంతి కొట్టమన్నాడు. కొట్టాను. అది వంకరపోయి రఫ్‌లో పడింది. మేనల్లుడి బంతి కూడా అక్కడికి నాలుగడుగుల దూరంలోనే పడింది. గరికలో పడిన బంతి పైన నిలవదు. పోచల నడుమనుండి అడుగుకు దిగిపోతుంది. కొట్టబోతే పోచలు కర్ర మెడను చుట్టుకొని దాని ముఖాన్ని త్రిప్పివేస్తాయి. బంతికీ కర్రకూ మధ్య గడ్డి నలిగి, పట్టు చిక్కదు. చిక్కనందున బంతి గిరగిర తిరగదు. తిరగనందున పడినచోట ఆగదు. మేనల్లుడు బలమైన భుజంతో ఒక్క దెబ్బకు తన బంతిని బయటవేశాడు. నేను నాలుగుసార్లు కొట్టినా నా బంతి గజం దూరం కదలలేదు. తప్పు ఇద్దరిదీ ఒక్కటే, పడిన శిక్ష మాత్రం ఒక్కటి కాదు.

ఇంటికి వచ్చి ఆ ఆటను గురించి చదివాను. 2020లో న్యూయార్క్ రాష్ట్రంలోని వింగ్డ్ ఫుట్ మైదానంలో అమెరికా ఓపెన్ పోటీ జరిగింది. దట్టమైన రఫ్‌కు పేరుపడిన చోటు అది. 1974లో హేల్ ఇర్విన్ అక్కడ నిర్ణీత సంఖ్య కంటె ఏడు దెబ్బలు ఎక్కువ కొట్టి కూడా విజేత అయ్యాడు. అటువంటి చోట బ్రైసన్ డిషాంబో 56 ఫెయిర్‌వేలకు 23 మాత్రమే అందుకొని, నిర్ణీత సంఖ్యకు ఆరు తక్కువగా ముగించి గెలిచాడు. బలవంతునికి రఫ్ ఒక అడ్డు మాత్రమే. బలహీనునికి అదే ఆటకు ముగింపు.

ఇది పెద్దలకు తెలియని సంగతి కాదు. బాబీ జోన్స్, అలిస్టర్ మెకంజీ కలిసి తీర్చగా 1933లో ప్రారంభమైన అగస్టా నేషనల్ మైదానంలో సామాన్యుడు కూడా సంతోషంగా ఆడాలని విశాలమైన బాటలు వేసి, రఫ్ లేకుండానే ఉంచారు. అయితే గడ్డి పొట్టిగా ఉన్న ఆ చోటనే గడప ఎత్తుగా ఉన్నది. పిలుపు లేనిదే సభ్యత్వం లేదు. నల్లజాతి సభ్యుడు 1990లో గాని, స్త్రీలు 2012లో గాని లోపలికి రాలేకపోయారు. స్కాట్లండ్‌లోని సెంట్ ఆండ్రూస్ పాత మైదానం తీరు వేరు. అది ప్రజల భూమి. ఏ క్లబ్బు సభ్యత్వమూ లేనివాడు కూడా చీటీలో పేరు వస్తే రుసుము చెల్లించి ఆడవచ్చును. ఆదివారం సాధారణంగా ఆట ఉండదు. ఊరివారు పిల్లలతో అక్కడ షికారు చేస్తారు.

ఇదంతా ఇక్కడ ఎందుకు వ్రాశానంటే, ఆ గరికలో నిలబడి నాలుగవ దెబ్బ కొడుతున్నప్పుడు నాకొక విద్యార్థి గుర్తుకు వచ్చాడు. రికార్డు పుస్తకం గడువునాటికి తేనివారిని ప్రయోగశాలలోనికి రానివ్వకపోవడం నేను చాలా ఏండ్లు పాటించిన నియమం. నియమం అందరికీ సమానమే కదా అని గర్వపడేవాడిని. పట్నంలో ఉన్నవారు మరునాడే తెచ్చి చూపేవారు. రెండు బస్సులు మారి పల్లెనుండి వచ్చే ఆ అబ్బాయి మాత్రం వరుసగా మూడు తరగతులు పోగొట్టుకొని, తరువాత కళాశాలకే రాలేదు. ఎందుకు రాలేదని నేను విచారించనైనా లేదు. నేను పెంచిన గడ్డి ఎత్తు ఎంతో నాకు తెలియలేదు.

రఫ్ అసలు ఉండరాదని నేననను. వంకర దెబ్బకు నష్టమే లేకపోతే తిన్నని దెబ్బకు విలువ ఉండదు. గుంట ఎక్కడున్నదో అక్కడే ఉండనిద్దాం. పరీక్ష పరీక్షగానే ఉండనిద్దాం. కాని ఒక్కసారి తప్పినవాడు మరల బాటకు చేరగలిగేటంత ఎత్తుననే గడ్డి ఉండాలి. ఇప్పుడు నా తరగతిలో రికార్డు ఆలస్యమైతే మార్కు తగ్గుతుంది గాని తలుపు మూయబడదు. ప్రవేశాల గడువులను, ఆలస్య రుసుములను నిర్ణయించే కమిటీ పెద్దలు కూడా ఒక్కసారి ఈ కొలత వేసి చూడవలెనని సవినయంగా కోరుతున్నాను.

ఆ అబ్బాయి ఇప్పుడెక్కడున్నాడో తెలియదు. ఈ పుటలు అతని కంటపడితే, తప్పు అతనిది మాత్రమే కాదని తెలుసుకొంటాడని ఆశ.