ద్రాక్షారామం మీదుగా ఫ్రెంచి ఊరికి

మేమిద్దరం కారులో యానాం వెళ్తున్నామనగానే మారేడుపల్లిలో మా ఇరుగుపొరుగు ముసిముసిగా నవ్వారు. ఎందుకో మీకూ తెలిసే ఉంటుంది. పుదుచ్చేరి పాలన కింద ఉన్న ఊరు కదా, అక్కడ మందు చవక! "ఏం వదినగారూ, అన్నయ్యగారికి డిక్కీ నిండా సీసాలా?" అని ఒకావిడ అడగనే అడిగింది. మావారికి షుగరు. మజ్జిగ తప్ప మరోటి ముట్టరు పాపం.

నేను వెళ్లాలనుకున్నది వేరే పని మీద. మా అమ్మమ్మ పెళ్లి జరిగిన ఊరు అది. అప్పటికి ఆవిడకి ఎనిమిదేళ్లు. అదే పందిట్లో ఆవిడ అక్కకి కూడా ముడి వేశారు. ఆ అక్కకి పదేళ్లు. మేం దొడ్డమ్మమ్మ అని పిలిచేవాళ్లం.

తెల్లవారుజామున నాలుగున్నరకి సికింద్రాబాద్‌లో బయల్దేరాం. పులిహోర, దద్దోజనం, ఫ్లాస్కులో కాఫీ మామూలే. చౌటుప్పల్ దాటాక తాటిచెట్లు, వాటికి వేలాడే కల్లుకుండలు. ఫ్రాన్సువాళ్లకి ద్రాక్షతోటలుంటే మనకి తాటివనాలు! ఆ మాటకొస్తే హైదరాబాద్ చుట్టుపక్కల కూడా అనాబ్-ఎ-షాహీ ద్రాక్షతోటలు ఉండేవి. ఇప్పుడు వాటిలో చాలామటుకు ప్లాట్లు, అపార్టుమెంట్లు.

విజయవాడ, ఏలూరు, తణుకు, రావులపాలెం. దారి పొడుగునా నేను ఆపమనడం, ఆయన "వచ్చేటప్పుడు చూద్దాంలే" అనడం. మీ ఇళ్లల్లోనూ ఇంతేనా? తాపేశ్వరంలో మడతకాజాల దగ్గర మాత్రం ఆయనే బ్రేకు వేశారు. ఒకటే తిననిచ్చాను.

ద్రాక్షారామంలో భీమేశ్వరుణ్ణి చూసుకున్నాం. లింగం రెండంతస్తుల ఎత్తు, కింద నుంచీ పైనుంచీ కూడా దర్శనం చేసుకోవాలి. పేరు చూసి ద్రాక్షలు పండుతాయేమో అనుకోకండి. దక్షుడు యజ్ఞం చేసిన చోటు గనక దక్షారామం, అదే ద్రాక్షారామం అయిందని స్థలపురాణం. చుట్టూ ఉన్నవి వరిచేలూ కొబ్బరిచెట్లూనూ.

అక్కణ్ణించి యానాం ఎంతోసేపు పట్టదు. 1723లో ఫ్రెంచివాళ్లు కాలు పెట్టిన ఊరు. 1954 జూన్ 13 దాకా వాళ్ల చేతిలోనే ఉంది. మరి అమ్మమ్మ వాళ్లని కాకినాడ దగ్గర సొంత ఊరు వదిలి ఇక్కడికెందుకు తీసుకొచ్చారంటారా? 1929లో శారదా చట్టం వచ్చింది. 1930 ఏప్రిల్ నుంచి బ్రిటిష్ ఏలుబడిలో పద్నాలుగేళ్లు నిండని ఆడపిల్లకి పెళ్లి చేస్తే శిక్ష. ఫ్రెంచి గడ్డ మీద ఆ చట్టం చెల్లదు. అందుకని పెళ్లివారంతా బళ్లు కట్టుకుని పొలిమేర దాటేవారు. అలా ఎన్ని పెళ్లిళ్లయ్యాయో, ఊరికి కల్యాణపురం అని పేరు పడిపోయింది. ఎంత చక్కటి పేరో చూడండి!

అమ్మమ్మకి ఆ పెళ్లిలో కొత్త పట్టుపరికిణీ, గూడుబండిలో నిద్ర ఇవే గుర్తు. ఆవిడ కాపురం సవ్యంగానే సాగింది. దొడ్డమ్మమ్మకి పన్నెండో ఏట భర్త పోయాడు. అత్తారింటి గడపే తొక్కలేదు. ఆ పిల్లని మా తాతలు వంటింట్లో కూర్చోబెట్టారు, అరవై ఏళ్లు అక్కడే ఉంది. పనసపొట్టు కొట్టి ఆవ పెట్టిందంటే వీధి చివరికి ఘాటు వెళ్లేది. మా పెళ్లిళ్లన్నిటికీ వంట ఆవిడదే, పీటల దగ్గరికి మాత్రం రానిచ్చేవారు కాదు. నా పెళ్లికీ అంతే. తలుపు సందులోంచి చూసింది.

చట్టం రెండేళ్లు ముందొచ్చినా ఆగేవారు కాదేమో. ఇరవై మైళ్లు బండి కట్టడం పెద్ద కష్టమా?

యానాంలో ఆ పెళ్లిళ్ల ఆనవాలు నాకెక్కడా కనబడలేదు. పాత చర్చి ఉంది, ఐఫిల్ టవర్‌లాంటి టవరుంది, గౌతమి ఒడ్డున కూర్చోవడానికి చక్కటి చోటుంది. బ్రాందీ షాపుల ముందు పక్క జిల్లాల బళ్లు. చట్టం ఒడ్డున ఉన్నవాళ్లు ఇప్పటికీ ఈ ఒడ్డుకొస్తూనే ఉన్నారు, సరుకు మారిందంతే. మావారు ఎవరినీ దారి కూడా అడగని మనిషి. అలాంటిది పెళ్లిళ్లు ఏ వీధిలో జరిగేవో అని ముగ్గురు ముసలాళ్లని అడిగారు. ఎవరూ చెప్పలేకపోయారు. మధ్యాహ్నం హోటల్లో విస్తట్లో పనసపొట్టు కూర వేశారు. నేను ముద్ద మింగలేక కూర్చుంటే ఆయన ఏమీ అనకుండా మంచినీళ్లు జరిపారు.

ఏటి ఒడ్డు నుంచి అమ్మకి ఫోన్ చేశాను. ఎనభై దాటిన మనిషి, చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "దొడ్డ ఆ ఊరి పేరు ఎత్తేది కాదే. 'అక్కడ' అనేది, అంతే" అంది. ఇన్నేళ్లలో నాకా సంగతి తెలీదు. కాసేపాగి, "కూరలో ఆవ సరిపోయిందా?" అని అడిగింది.

సంక్రాంతికి అమ్మని కూడా తీసుకెళ్దామన్నారు మావారు. ముందు సీటు ఆవిడకే.